అమెరికాలో డీపీటీ చదువు: తక్కువ ఖర్చయ్యే ప్రోగ్రామ్‌ను వెతికి ఎంచుకునే పద్ధతి

ఫిజికల్ థెరపీలో డాక్టరేట్, అంటే డీపీటీ, తక్కువ ఖర్చుతో ఎక్కడ పూర్తవుతుందని అడిగేవారిలో ఎక్కువమంది పది కళాశాలల పేర్లు చెబితే చాలనుకుంటారు. పేర్లు చెప్పడం కష్టం కాదు. అయితే డాలస్‌లో సొంత ఇల్లున్న కుటుంబానికి అన్నిటికన్నా చవకగా తేలే కళాశాల, గుంటూరు నుంచి ఎఫ్-1 వీసాపై వచ్చే విద్యార్థికి ఖరీదైన వాటిలో ఒకటి కావచ్చు. కాబట్టి ఎవరి జాబితాను వారే తయారుచేసుకోవాలి. ఆ పని ఏ వరుసలో చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక ప్రమాణం పెట్టుకోండి. ట్యూషన్ ఫీజు ఒక్కటే చూసి కళాశాలలను పోల్చవద్దు. కోర్సులో చేరిన రోజు నుంచి లైసెన్సు చేతికొచ్చి మొదటి జీతం అందే రోజు దాకా మీరు పెట్టవలసిన మొత్తాన్ని లెక్కకట్టి, ఆ మొత్తాలను పోల్చండి. కింది అంచెలన్నీ ఆ అంకెను రాబట్టడానికే.

## 1. మీరు ఏ కోవలోకి వస్తారో తేల్చుకోండి

వలస హోదాను బట్టి ఫీజు మారుతుంది, అప్పు దొరికే దారీ మారుతుంది. అందుకే కళాశాలల వెబ్‌సైట్లు తెరవకముందే ఈ సంగతి తేల్చుకోవాలి.

పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారు. సొంత రాష్ట్రపు ప్రభుత్వ యూనివర్సిటీలో స్థానికుల ఫీజు, ఫెడరల్ విద్యారుణం, రెండూ మీకు అందుబాటులో ఉంటాయి. ఫెడరల్ ఆర్థిక సహాయం కోసం నింపే ఫాఫ్సా దరఖాస్తులో గ్రాడ్యుయేట్ విద్యార్థిని స్వతంత్రుడిగానే పరిగణిస్తారు. తల్లిదండ్రుల ఆదాయం ఎక్కువ కాబట్టి అప్పు రాదన్న అనుమానంతో దరఖాస్తు మానుకోవలసిన పని లేదు.

హెచ్-4పై, అంటే హెచ్-1బీ ఉద్యోగుల జీవిత భాగస్వామికి, పిల్లలకు ఇచ్చే వీసాపై ఉన్నవారు. ఫెడరల్ రుణం రాదు. అయితే టెక్సాస్, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో హెచ్-4పై ఉన్నవారు నివాస నిబంధనలను నెరవేరిస్తే స్థానికుల ఫీజుకు అర్హులవుతారు. పిల్లల విషయంలో ఒక చిక్కు ఉంది. 21 ఏళ్లు నిండితే హెచ్-4 హోదా ముగుస్తుంది, డీపీటీలో చేరే వయసు సాధారణంగా దాని తరువాతే వస్తుంది. ఎఫ్-1కు మారాక స్థానికుల ఫీజు కొనసాగుతుందో లేదో యూనివర్సిటీ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి. ఫోనులో విన్న మాట మీద ఆధారపడవద్దు.

ఎఫ్-1పై వచ్చేవారు. ఫెడరల్ రుణం ఉండదు, స్థానికుల ఫీజు కూడా సాధారణంగా దొరకదు. కొన్ని డీపీటీ ప్రోగ్రాములు విదేశీ విద్యార్థులను అసలు చేర్చుకోవు. మీ జాబితాకు తొలి వడపోత అక్కడే జరగాలి. దీనికి తోడు, ఫిజికల్ థెరపీ స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సుల జాబితాలో లేదు. చదువయ్యాక ఉద్యోగం చేయడానికి ఇచ్చే అనుమతి, అంటే ఓపీటీ, 12 నెలలే, 24 నెలల పొడిగింపు లేదు. ఆ 12 నెలల్లో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు. లైసెన్సు పరీక్షేమో ఏడాదికి నాలుగుసార్లే, నిర్ణీత తేదీల్లో జరుగుతుంది. మే నెలలో పట్టా పుచ్చుకుని జులైలో పరీక్ష రాసి, ఫలితం వచ్చి, రాష్ట్ర బోర్డు లైసెన్సు ఇచ్చేసరికి ఆ 90 రోజుల్లో ఎన్ని మిగులుతాయో లెక్క వేసుకున్నాకే లక్ష డాలర్ల అప్పు సంగతి ఆలోచించండి.

ఇప్పటికే బీపీటీ లేదా ఎంపీటీ (భారతదేశంలో ఫిజియోథెరపీ డిగ్రీ, పీజీ) ఉన్నవారు. విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం నుంచో, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం నుంచో బీపీటీ పొంది, పెళ్లయ్యాక అమెరికా వచ్చిన తెలుగు ఫిజియోథెరపిస్టులు చాలామందే ఉన్నారు. మీకు మూడేళ్ల డీపీటీ అవసరం కాకపోవచ్చు. ఎఫ్‌సీసీపీటీ వంటి సంస్థ చేత మీ చదువును మదింపు చేయించుకుంటే అమెరికా ప్రమాణంతో పోల్చినప్పుడు ఏ సబ్జెక్టుల్లో ఎన్ని క్రెడిట్లు తగ్గాయో తెలుస్తుంది. ఆ లోటు పూడ్చుకుని, మీరున్న రాష్ట్రపు బోర్డు అనుమతిస్తే, నేరుగా లైసెన్సు పరీక్ష రాయవచ్చు. మార్కుల పత్రాలు యూనివర్సిటీ నుంచే నేరుగా వెళ్లాలి కాబట్టి, ఊళ్లో ఉన్న అన్నయ్యకో నాన్నగారికో ఆ పని ముందే అప్పగించండి. ఇందులో ఖర్చు కన్నా కాలమే ఎక్కువ పడుతుంది. మదింపు నివేదిక చేతికి రాకముందే పూర్తి డీపీటీలో సీటు కోసం డబ్బు కట్టడం తొందరపాటు.

ఈ కోవలోని వారు, ఇప్పటికే ఫిజికల్ థెరపిస్టులైనవారి కోసం నడిపే ట్రాన్సిషనల్ డీపీటీ ప్రకటనల విషయంలోనూ జాగ్రత్తగా ఉండాలి. ఆ కోర్సులకు, అమెరికాలో ఫిజికల్ థెరపీ ప్రోగ్రాములకు గుర్తింపునిచ్చే సంస్థ క్యాప్టీ గుర్తింపు ఉండదు, ఎందుకంటే అవి లైసెన్సుకు అర్హత కల్పించే తొలి పట్టా కోర్సులు కావు. ఫీజు తక్కువగా ఉన్నా, మీ లోటు సబ్జెక్టులను అవి పూడుస్తాయో లేదో చూసుకోకుండా చేరవద్దు.

## 2. ఏడాదిన్నర ముందే చేయవలసిన పనులు

డీపీటీ ఖర్చును తగ్గించే అవకాశం ఎక్కువగా దరఖాస్తుకు ముందే ఉంటుంది. సీటు వచ్చాక బేరమాడగలిగింది చాలా తక్కువ.

నివాసం. చాలా రాష్ట్రాల్లో స్థానికుల ఫీజుకు కనీసం 12 నెలలు అక్కడ నివసించి ఉండాలి, అది కూడా చదువు కోసమే వచ్చిన నివాసంగా కనిపించకూడదు. డ్రైవింగ్ లైసెన్సు, అద్దె ఒప్పందం, రాష్ట్ర పన్ను పత్రాలు, ఉద్యోగపు జీతం చీటీలు ఒకే ఫైలులో భద్రపరచండి. కుటుంబం వేరే రాష్ట్రానికి మారే ఆలోచనలో ఉంటే, కోర్సు మొదలయ్యే తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి ఎప్పుడు మారాలో నిర్ణయించుకోండి.

ముందస్తు సబ్జెక్టులు. అనాటమీ, ఫిజియాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, బయాలజీ, సైకాలజీ, స్టాటిస్టిక్స్ దాదాపు ప్రతిచోటా అడుగుతారు. వీటిలో తగ్గినవాటిని కమ్యూనిటీ కాలేజీలో చదివితే ఖర్చు బాగా తగ్గుతుంది. అయితే కొన్ని ప్రోగ్రాములు సైన్సు సబ్జెక్టులను నాలుగేళ్ల యూనివర్సిటీలోనే చదివి ఉండాలంటాయి, కొన్ని ఆన్‌లైన్ ల్యాబును ఒప్పుకోవు, మరికొన్ని ఏళ్ల కిందట చదివినవాటిని లెక్కలోకి తీసుకోవు. ముందు ప్రోగ్రాముల షరతులు చదివి, ఆ తరువాతే సబ్జెక్టుకు ఫీజు కట్టండి.

మార్కులు. దరఖాస్తులన్నీ సాధారణంగా పీటీకాస్ అనే ఉమ్మడి పోర్టల్ ద్వారా వెళ్తాయి. ఒక సబ్జెక్టును రెండోసారి రాసి మంచి గ్రేడు తెచ్చుకున్నా, పీటీకాస్ లెక్కలో మొదటి గ్రేడు కూడా కలుస్తుంది. మీ కాలేజీ పాత గ్రేడును చెరిపేసినా ఇక్కడ అది చెరగదు. కాబట్టి మీ జీపీఏను పీటీకాస్ పద్ధతిలోనే లెక్కించుకుని, ఆ అంకెతోనే ప్రోగ్రాములను ఎంచుకోండి. ఈ సంగతి తెలియక, అందని చోట్లకు దరఖాస్తు రుసుములు ధారపోసినవారు ఉన్నారు.

పరిశీలన గంటలు. క్లినిక్‌లో ఫిజికల్ థెరపిస్టు వెంట ఉండి గమనించిన గంటలను కొన్ని ప్రోగ్రాములు తప్పనిసరి చేస్తాయి. ఆసుపత్రిలో కొంత, బయటి క్లినిక్‌లో కొంత ఉండేలా చూసుకుని, ఏ రోజు ఎన్ని గంటలు ఎవరి దగ్గర గడిపారో అప్పటికప్పుడు రాసిపెట్టుకోండి.

## 3. తొలి జాబితా తయారీ

క్యాప్టీ వెబ్‌సైటులో గుర్తింపు పొందిన ప్రోగ్రాములన్నిటి పట్టిక ఉంటుంది. మీ జాబితా అక్కడి నుంచే మొదలు కావాలి. అమెరికాలో క్యాప్టీ గుర్తింపు లేని ప్రోగ్రాములో చదివితే లైసెన్సు పరీక్షకు అర్హత రాదు. పట్టికలో ప్రధానంగా రెండు హోదాలు కనిపిస్తాయి: పూర్తి గుర్తింపు ఉన్నవి, కొత్తగా మొదలై అభ్యర్థిత్వ దశలో ఉన్నవి. రెండో రకంలో ఫీజు రాయితీలు ఎక్కువగా ఇవ్వజూపవచ్చు, కానీ ఆ ప్రోగ్రాముకు చివరికి గుర్తింపు రాకపోతే నష్టపోయేది విద్యార్థి. ఇంకో దారి ఉన్నంతవరకు వాటి జోలికి పోవద్దన్నది నా సలహా.

తరువాత మీ రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీలను పక్కకు తీయండి. తెలుగువారు ఎక్కువగా ఉన్న కొన్ని రాష్ట్రాల్లో డీపీటీ ఉన్న ప్రభుత్వ సంస్థల్లో కొన్ని ఇవి:

- టెక్సాస్: యూటీ సౌత్‌వెస్టర్న్, టెక్సాస్ ఉమెన్స్ యూనివర్సిటీ, గాల్వెస్టన్‌లోని యూటీఎంబీ, యూటీ హెల్త్ శాన్ ఆంటోనియో, యూటీ ఎల్ పాసో, టెక్సాస్ స్టేట్, టెక్సాస్ టెక్ హెల్త్ సైన్సెస్ సెంటర్, ఏంజెలో స్టేట్.
- కాలిఫోర్నియా: కాల్ స్టేట్ వ్యవస్థలో ఫ్రెస్నో, లాంగ్ బీచ్, నార్త్‌రిడ్జ్, శాక్రమెంటో, శాన్ డియేగో.
- న్యూజెర్సీ: రట్గర్స్, స్టాక్టన్.
- న్యూయార్క్: హంటర్ కాలేజీ, కాలేజ్ ఆఫ్ స్టాటెన్ ఐలాండ్, స్టోనీ బ్రూక్, బఫెలో, సిరక్యూస్‌లోని అప్‌స్టేట్.
- జార్జియా: జార్జియా స్టేట్, అగస్టా, నార్త్ జార్జియా.
- నార్త్ కరొలైనా: చాపెల్ హిల్, ఈస్ట్ కరొలైనా, విన్‌స్టన్-సేలం స్టేట్, వెస్టర్న్ కరొలైనా.

ఇంటి నుంచి రోజూ వెళ్లిరాగలిగినవి ఇందులో ఏవో గుర్తు పెట్టుకోండి. ఎడిసన్‌లో ఉండేవారికి రట్గర్స్ న్యూవార్క్ ప్రాంగణం ఒకే రైలు దూరం. ఇలాంటి సౌలభ్యం విలువ ఎంతో తదుపరి అంచెలో అంకెల్లో కనిపిస్తుంది.

ఆ తరువాత రెండు మూడు ప్రైవేటు ప్రోగ్రాములను, ముఖ్యంగా రెండేళ్ల నుంచి రెండున్నరేళ్లలో పూర్తయ్యేవాటిని చేర్చండి. ఫీజు చూసి వాటిని మొదట్లోనే కొట్టేయవద్దు.

## 4. అసలు ఖర్చు రాబట్టే లెక్క

ప్రతి ప్రోగ్రామూ విద్యార్థి ఆర్థిక వివరాల పత్రాన్ని తన వెబ్‌సైటులో ఉంచాలన్నది క్యాప్టీ నియమం. సాధారణంగా ఇది ఫీజుల పేజీలో కాక, ఫలితాలు లేదా గుర్తింపు వివరాలున్న పేజీలో అడుగున ఎక్కడో ఉంటుంది. స్థానికులకు, బయటివారికి అయ్యే ఖర్చు, కోర్సు మొత్తానికి అంచనా, చదువు పూర్తయ్యేసరికి విద్యార్థులపై పడుతున్న అప్పు అందులో కనిపిస్తాయి. ప్రకటనల పేజీలో సెమిస్టర్ ఫీజు మాత్రమే చూసి మూడేళ్లకు గుణిస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే డీపీటీలో వేసవి సెమిస్టర్లు కూడా ఉంటాయి.

ఆ పత్రం పక్కనే పట్టా పూర్తిచేసినవారి శాతం, లైసెన్సు పరీక్షలో అంతిమ ఉత్తీర్ణత శాతం ఉంటాయి. రెండేళ్ల సగటు ఉత్తీర్ణత 85 శాతానికి తగ్గకూడదని క్యాప్టీ ప్రమాణం. ఆ అంచున తచ్చాడుతున్న ప్రోగ్రాము ఎంత చవకైనా అనుమానించవలసిందే. పరీక్ష తప్పితే తదుపరి తేదీ దాకా జీతం రాదు, ఆ మూడు నెలల ఖర్చు కూడా కళాశాల ఖాతాలోనే రాసుకోవాలి.

ఇప్పుడు ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. అంకెలు పద్ధతి చూపడానికి మాత్రమే.

మొదటిది సొంత రాష్ట్రపు ప్రభుత్వ యూనివర్సిటీ. 36 నెలల కోర్సు, ట్యూషన్, ఫీజులు కలిపి 60,000 డాలర్లు. రెండోది ప్రైవేటు. 24 నెలల కోర్సు, ట్యూషన్, ఫీజులు 1,05,000. ఫీజులో తేడా 45,000 డాలర్లు. విద్యార్థి బయట అద్దెకు ఉంటే నెలకు 2,000 అవుతుందనుకుందాం. మొదటిదానికి 72,000 కలిపితే మొత్తం 1,32,000. రెండోదానికి 48,000 కలిపితే 1,53,000. తేడా 21,000కు దిగిపోయింది. పైగా రెండో విద్యార్థి ఒక సంవత్సరం ముందే జీతం అందుకుంటాడు. ఫిజికల్ థెరపిస్టుల మధ్యస్థ వార్షిక వేతనం 2024 మేలో 1,01,020 డాలర్లని కార్మిక గణాంకాల బ్యూరో చెబుతోంది. కొత్తవారికి అంతకన్నా తక్కువే వచ్చినా, పన్నులు, ఇంటి ఖర్చులు పోనూ ఆ ఏడాది ఆదాయం 21,000ను పూడ్చేయగలదు.

అదే విద్యార్థి మొదటి కళాశాలకు ఇంటి నుంచే వెళ్లివస్తూ పెట్రోలు, బీమా, చిల్లర ఖర్చులకు నెలకు 500తో సరిపెట్టుకుంటే, 36 నెలలకు 18,000, మొత్తం 78,000. ఇప్పుడు తేడా 75,000. మారినవి కళాశాలలు కావు, అమ్మ చేతి భోజనం, సొంత గది లెక్కలోకి వచ్చాయి. ఎవరో తయారుచేసిన చవక కళాశాలల జాబితా మీకు పనికిరాకపోవడానికి కారణం ఇదే.

ఈ లెక్కకు కింది వాటిని కూడా కలపండి. వీటిని మరిచిపోవడం చాలా మామూలు.

- క్లినికల్ శిక్షణ. క్యాప్టీ నిబంధన ప్రకారం కనీసం 30 వారాలు పూర్తికాలం క్లినిక్‌లలో పనిచేయాలి. దీనికి సాధారణంగా జీతం ఉండదు, ట్యూషన్ మాత్రం కట్టాలి. వేరే ఊరికి పంపితే అక్కడ అద్దె, ఇక్కడ ఒప్పందం ముగియని ఇంటి అద్దె, రెండూ పడతాయి. నెలకు అదనంగా 900 అనుకుంటే ఏడు నెలలకు 6,300 డాలర్లు.
- హైబ్రిడ్ కోర్సుల ప్రయాణాలు. పాఠాలు ఆన్‌లైన్‌లో విన్నా, ల్యాబులకు ప్రాంగణానికి వెళ్లాలి. ఏడాదికి ఎన్నిసార్లు, ఒక్కోసారి ఎన్ని రోజులు అని అడిగి, విమానం, బస ఖర్చు వేసుకోండి.
- ఆరోగ్య బీమా. 26 ఏళ్లు నిండాక తల్లిదండ్రుల పాలసీ నుంచి బయటికి రావాలి. కోర్సు మధ్యలో ఆ పుట్టినరోజు వస్తుందేమో చూడండి.
- కారు, ల్యాప్‌టాప్, టీకాలు, నేపథ్య తనిఖీలు, లైసెన్సు పరీక్ష రుసుము, పరీక్ష తయారీ కోర్సు. విడివిడిగా చిన్నవి, కలిపితే కొన్ని వేల డాలర్లు.
- ఏటేటా ఫీజు పెంపు. గత మూడేళ్లలో ఎంత పెరిగిందో అడిగి, అదే రేటును ముందుకు కొనసాగించి లెక్కించండి.

## 5. అప్పు ఎంతవరకు దొరుకుతుందో సరిచూసుకోండి

ఈ అంచెలో పాత సలహాలు పనికిరావు. 2025 జులై 4న సంతకమైన చట్టం గ్రాడ్యుయేట్ విద్యార్థుల ఫెడరల్ రుణ నిబంధనలను మార్చేసింది. 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి గ్రాడ్ ప్లస్ రుణం ఉండదు. అంతకుముందు కోర్సుకయ్యే మొత్తం ఖర్చు దాకా ఆ రుణంతో నెట్టుకొచ్చేవారు.

కొత్త పద్ధతిలో రెండు తరగతులున్నాయి. సాధారణ గ్రాడ్యుయేట్ కోర్సులకు ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం మీద 1,00,000 పరిమితి. ప్రొఫెషనల్ కోర్సులకు ఏడాదికి 50,000, మొత్తం 2,00,000. 2025 నవంబరులో విద్యాశాఖ చర్చల్లో కుదిరిన ముసాయిదా నిర్వచనంలో వైద్యం, దంతవైద్యం, ఫార్మసీ, న్యాయశాస్త్రం వంటివి ప్రొఫెషనల్ తరగతిలో ఉండగా, ఫిజికల్ థెరపీకి చోటు దక్కలేదు. మీరు చేరే ఏడాదికి డీపీటీ ఏ తరగతిలో ఉందో యూనివర్సిటీ ఆర్థిక సహాయ కార్యాలయాన్ని అడిగి, జవాబు ఈమెయిలులో తెప్పించుకోండి.

తక్కువ పరిమితి వర్తిస్తే మూడేళ్లకు దొరికేది 61,500 డాలర్లు. పై లెక్కలో 1,32,000 అయిన విద్యార్థికి ఇంకా 70,500 వేరేచోట నుంచి రావాలి. ఇంటి నుంచి వెళ్లివచ్చి 78,000లో ముగించే విద్యార్థికి కావలసింది 16,500 మాత్రమే. అంటే ఇకమీదట సీటు ఎంపికను మునుపటికన్నా గట్టిగా శాసించేది ఈ పరిమితే. మిగిలిన మొత్తానికి ప్రైవేటు రుణం తీసుకుంటే సాధారణంగా హామీదారు కావాలి, వడ్డీ హామీదారు క్రెడిట్‌ను బట్టి ఉంటుంది, ప్రభుత్వ సేవకు ఇచ్చే రుణమాఫీ దానికి వర్తించదు.

తిరిగి కట్టే భారం కూడా ముందే చూడండి. 2025-26లో గ్రాడ్యుయేట్ విద్యార్థుల ఫెడరల్ రుణంపై వడ్డీ 7.94 శాతం. చదువుతున్నంతకాలమూ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. ఆ రేటున పదేళ్లలో తీర్చాలంటే నెలవారీ వాయిదా సుమారుగా ఇలా ఉంటుంది:

- 60,000 డాలర్లకు: 726
- 1,00,000 డాలర్లకు: 1,210
- 1,50,000 డాలర్లకు: 1,815

లాభాపేక్ష లేని ఆసుపత్రిలోనో, ప్రభుత్వ సంస్థలోనో పూర్తికాలం పనిచేస్తూ 120 అర్హమైన నెలవారీ చెల్లింపులు చేస్తే మిగిలిన ఫెడరల్ రుణం మాఫీ అవుతుంది. ఇది మంచి అవకాశమే, కానీ పదేళ్లు అలాంటి ఉద్యోగంలోనే ఉంటామన్న ధీమాతో ఖరీదైన కళాశాలను ఎంచుకోవడం సబబు కాదు.

## 6. ఖర్చు తగ్గించే దారులు

పశ్చిమ రాష్ట్రాల ఒప్పందం. విచీ అనే అంతర్‌రాష్ట్ర సంస్థ వృత్తివిద్యా మార్పిడి పథకంలో ఫిజికల్ థెరపీ ఉంది. మీ రాష్ట్రం ఈ కోర్సుకు నిధులిస్తుంటే, పాల్గొనే కళాశాలల్లో ఫీజు బాగా తగ్గుతుంది. దరఖాస్తు మీ సొంత రాష్ట్రానికి, చాలాచోట్ల చేరే ఏడాదికి ముందటి అక్టోబరు 15లోగా ఇవ్వాలి. కొన్ని రాష్ట్రాలు చదువయ్యాక తిరిగొచ్చి పనిచేయాలని షరతు పెడతాయి.

టెక్సాస్ వెసులుబాటు. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీ కనీసం 1,000 డాలర్ల పోటీ స్కాలర్‌షిప్ ఇస్తే, బయటి రాష్ట్రాలవారికీ విదేశీ విద్యార్థులకూ స్థానికుల ఫీజు వర్తింపజేయవచ్చు. ఇలా వెసులుబాటు పొందే విద్యార్థుల సంఖ్యకు పరిమితి ఉంది, ప్రతి ప్రోగ్రామూ ఇవ్వదు. ఎఫ్-1పై వచ్చేవారు తప్పక అడగవలసిన ప్రశ్న ఇది. వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్ చిన్నదని దరఖాస్తు చేయకుండా వదిలేసేవారిని చూస్తే జాలి కలుగుతుంది.

మూడు ప్లస్ మూడు. డిగ్రీలో మూడేళ్లు, డీపీటీలో మూడేళ్లు చదివి ఒక సంవత్సరం మిగుల్చుకునే ఏర్పాటు చాలా యూనివర్సిటీల్లో ఉంది. ఇంటర్ వయసు పిల్లలున్న కుటుంబాలకు ఇది పనికొస్తుంది. ఏడాది ఫీజు, ఏడాది అద్దె రెండూ మిగులుతాయి.

సైన్యం ద్వారా. శాన్ ఆంటోనియోలోని ఆర్మీ-బేలర్ ప్రోగ్రాములో ట్యూషన్ లేకపోగా జీతం కూడా ఇస్తారు. అమెరికా పౌరసత్వం ఉండాలి, చదువయ్యాక కొన్నేళ్లు సైనిక సేవ చేయాలి.

పన్ను రాయితీ. లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ కింద ఏడాదికి గరిష్ఠంగా 2,000 డాలర్లు పన్నులో తగ్గుతాయి, ఆదాయ పరిమితులకు లోబడి. చదువు కోసం పొదుపు చేసే 529 ఖాతాలో మిగిలిన డబ్బును గ్రాడ్యుయేట్ ఫీజుకూ వాడవచ్చు.

టీచింగ్ అసిస్టెంట్‌షిప్‌తో ఫీజు మొత్తం మాఫీ అవుతుందన్న ఆశ ఎంఎస్ చదివే బంధువులను చూసి కలుగుతుంది. డీపీటీలో అది అరుదు. రోజంతా తరగతులు, ల్యాబులు ఉంటాయి కాబట్టి పార్ట్‌టైమ్ ఆదాయాన్ని లెక్కలో వేసుకోకపోవడమే మేలు.

## 7. దరఖాస్తు వరుస

1. పీటీకాస్ ప్రతి ఏటా జూన్ మధ్యలో తెరుచుకుంటుంది. మొదటి వారాల్లోనే మార్కుల పత్రాలు తెప్పించండి. భారతదేశంలో చదివినవారు మదింపు నివేదికకు అంతకుముందే దరఖాస్తు చేయాలి.
2. ఆదాయం తక్కువైతే పీటీకాస్ రుసుము సహాయ పథకానికి, దరఖాస్తు సమర్పించకముందే, అభ్యర్థన పంపండి.
3. జీఆర్‌ఈ అడగని ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. మీ జాబితాలో ఒక్కటే అడుగుతుంటే, దానికోసం ఆ పరీక్ష రాయడం అవసరమా అని ఆలోచించండి.
4. వచ్చిన దరఖాస్తులను వచ్చినట్టే పరిశీలించి సీట్లిచ్చే ప్రోగ్రాములకు ముందు పంపండి. గడువు చివరి రోజు దాకా ఆగితే సీటు, స్కాలర్‌షిప్ రెండూ తగ్గిపోతాయి.
5. అక్టోబరు 1 తరువాత ఫాఫ్సా నింపండి.

ఆరు నుంచి ఎనిమిది దరఖాస్తులు చాలామందికి సరిపోతాయి. అందులో సగమైనా మీ మొత్తం ఖర్చు పట్టికలో కింది వరుసలో ఉన్నవి కావాలి.

## 8. డిపాజిట్ కట్టేముందు అడగవలసిన ప్రశ్నలు

సీటు ఖాయం చేసుకోవడానికి కట్టే డిపాజిట్ సాధారణంగా తిరిగి రాదు. కట్టేముందు ఈ ప్రశ్నలకు ఈమెయిలులో జవాబులు తెప్పించండి.

- నన్ను స్థానిక విద్యార్థిగా గుర్తించారా? లేకపోతే మొదటి ఏడాది తరువాత మార్చుకునే వీలుందా?
- ఈ స్కాలర్‌షిప్ ఒక్క ఏడాదికా, కోర్సు మొత్తానికా? నిలబెట్టుకోవడానికి ఎంత జీపీఏ ఉండాలి?
- క్లినికల్ శిక్షణ స్థలాలను ఎవరు నిర్ణయిస్తారు? ఇంటి దగ్గర కోరుకునే వీలుందా?
- ఒక సబ్జెక్టు తప్పితే మళ్లీ ఎప్పుడు చదవాలి, ఏడాదంతా ఆగాలా, అదనపు ఫీజు ఎంత?
- డీపీటీ ఏ రుణ పరిమితి కిందికి వస్తుంది?

నాలుగో ప్రశ్నను అడిగేవారు తక్కువ. ఈ కోర్సుల్లో సబ్జెక్టులు ఏడాదికి ఒకసారే బోధిస్తారు, ఒక సెమిస్టర్ తప్పితే ఏడాది ఆలస్యం అవుతుంది. ఆ ఏడాది అద్దె, ఫీజు, పోయిన జీతం కలిపితే కళాశాలల మధ్య మీరు లెక్కించిన తేడా అంతా అందులో కొట్టుకుపోవచ్చు. తప్పినవారికి చేయూతనిచ్చే ప్రోగ్రాముకు కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

ర్యాంకును చూసి ఎంచుకోవడం. లైసెన్సు పరీక్ష అందరికీ ఒకటే, ప్రారంభ జీతం ప్రధానంగా ఊరిని బట్టి, పనిచేసే చోటును బట్టి ఉంటుంది. ర్యాంకు కోసం 50,000 డాలర్లు అదనంగా పెట్టాలనిపిస్తే, అందుకు బదులుగా ఏం దక్కుతుందో ఒక వాక్యంలో రాసి చూడండి. రాయలేకపోతే ఆ డబ్బు పెట్టవద్దు.

పెద్ద స్కాలర్‌షిప్‌కు మురిసిపోవడం. 1,30,000 ఫీజులో 30,000 తగ్గించిన ప్రైవేటు కళాశాల, 60,000 ఫీజున్న ప్రభుత్వ కళాశాలకన్నా ఇంకా 40,000 ఎక్కువే. తగ్గింపును పక్కనపెట్టి చివరికి మిగిలిన అంకెనే పట్టికలో రాయండి.

కన్సల్టెన్సీ మాట మీద చేరడం. ఎక్కడ చేర్చితే వారికి కమిషన్ వస్తుందో మీకు తెలియదు. వారు సూచించిన ప్రోగ్రాము క్యాప్టీ పట్టికలో ఉందా, పేరు, ప్రాంగణం అక్షరాలా సరిపోతున్నాయా చూడండి. ఒకే యూనివర్సిటీకి రెండు ప్రాంగణాలుండి, ఒకదానికే గుర్తింపు ఉండవచ్చు.

ఆస్తి తాకట్టుతో తెచ్చిన రూపాయి అప్పును డాలరు జీతంతో తేలిగ్గా తీర్చేస్తామనుకోవడం. ఎఫ్-1 విద్యార్థికి ఆ డాలరు జీతం వచ్చే కాలానికి 12 నెలల ఓపీటీయే హామీ. తరువాతి వీసా దక్కకపోతే భారతదేశపు జీతంతో ఆ వాయిదా కట్టగలరా అన్నది కుటుంబమంతా కూర్చుని లెక్కించవలసిన విషయం. కట్టలేమని తేలితే అప్పు మొత్తాన్ని తగ్గించాలి, లేదా భారతదేశంలోనే ఎంపీటీ చదివి, ఎఫ్‌సీసీపీటీ మదింపు దారిలో తరువాత వెళ్లే ఆలోచన చేయాలి.

పాత పత్రాన్ని నమ్మడం. ఆర్థిక వివరాల పత్రంపై ఏ విద్యా సంవత్సరానిదో రాసి ఉంటుంది. మీరు చేరేది దాని తరువాతి ఏడాది అయితే, కొత్త ఫీజు ఎప్పుడు ప్రకటిస్తారో అడగండి. డిపాజిట్ కట్టిన రోజు ఆ పేజీని, వచ్చిన ఈమెయిళ్లను పీడీఎఫ్‌గా దాచుకోండి. ఫీజు బిల్లు వచ్చినప్పుడు వరుసవారీగా సరిచూసుకోవడానికి, తేడా కనిపిస్తే ఫీజుల లెక్కలు చూసే బర్సర్ కార్యాలయానికి చూపించడానికి అవే ఆధారం.